కాలిలో గడ్డ, చేతిలో చీటీ: నా అనుభవం

2024 జూన్ 18, మంగళవారం. బడులు తెరిచి అప్పటికి వారం కూడా కాలేదు. దేవరకొండ దారిలో మా ఉన్నత పాఠశాలకు మోటారు సైకిల్ మీద వెళ్తుండగా మలుపులో కంకర మీద బండి జారింది. ఎడమ కాలు బండి కింద పడింది. నల్లగొండలో ఎక్స్‌రే తీసి, చీలమండ దగ్గర సన్నటి ఎముక విరిగిందనీ, అది పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కరలేదనీ చెప్పి, మోకాలి కింది నుంచి కాలివేళ్ల దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు కాలు కింద మోపవద్దన్నారు, దిండు మీద ఎత్తి పెట్టుకోమన్నారు. కాలు అలా కదలకుండా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టవచ్చని ఎవరూ ఒక్క మాట అనలేదు. తర్వాత నేను ఈ మాట అడిగినప్పుడు, పిండికట్టు వేసిన ప్రతి ఒక్కరికీ ముందుజాగ్రత్త మందు ఇవ్వరనీ, అంతకుముందు గడ్డలు వచ్చినవారికీ, క్యాన్సర్ ఉన్నవారికీ, బాగా లావుగా ఉన్నవారికీ అలాంటి ఆలోచన చేస్తారనీ నాకు చికిత్స చేసిన ఫిజీషియన్ చెప్పారు. అందువల్ల ఆ ఎముకల డాక్టరును నేను తప్పుపట్టను.

నా తప్పు జులై 4న మొదలైంది. అమ్మాయి డిగ్రీ సీటు పని మీద హైదరాబాదు వెళ్లక తప్పదనుకున్నాను. నల్లగొండ నుంచి ఎంజీబీఎస్ బస్టాండుకు దాదాపు వంద కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు మూడు గంటలు, వచ్చేటప్పుడు అంతకన్నా ఎక్కువసేపు, కట్టుతో ఉన్న కాలిని కిందికి వేలాడదీసుకుని బస్సులో కూర్చున్నాను. మరునాటి నుంచి పిక్క బరువెక్కింది. పిండికట్టు బిగుసుకుందేమోననుకుని నాలుగు రోజులు గడిపాను. తొమ్మిదో తేదీ ఉదయం నా భార్య బట్టలు కుట్టే టేపు తెచ్చి రెండు తొడలూ కొలిచింది. ఎడమ తొడ మూడు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. "కట్టు మోకాలి కింద ఉంది, తొడ ఎందుకు ఉబ్బుతుంది?" అని ఆమె అడిగిన ప్రశ్నకు, పిల్లలకు ఇరవై ఏళ్లుగా సైన్స్ చెబుతున్న నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు మధ్యాహ్నమే కట్టు కోసి తీసి డాప్లర్ పరీక్ష, అంటే రక్తనాళాల స్కాన్, చేశారు. దానికి 1,800 రూపాయలు అయ్యాయి. ఆ పరీక్ష ఎంత సులువైనదో చూస్తే ఆశ్చర్యం కలిగింది. తొడకు చల్లటి జెల్ రాసి, పరికరాన్ని ఆనించి, డాక్టరు గట్టిగా ఒత్తుతారు. కుడికాలిలో ఒత్తినప్పుడల్లా నల్లటి గుండ్రటి సిర రెండు పెదవులు మూసుకున్నట్టు అణిగిపోయి, వదలగానే మళ్లీ తెరుచుకుంది. ఎడమకాలిలో ఎంత ఒత్తినా అది గుండ్రంగానే నిలిచి ఉంది. "చూశారా సార్, లోపల నిండిపోయింది, అందుకే అణగడం లేదు" అంటూ ఆయన తెరను నా వైపు తిప్పారు. గడ్డ మోకాలి వెనక సిర నుంచి తొడ సిర దాకా పాకింది. ఊపిరి ఆడుతోందా, ఛాతీలో నొప్పి ఉందా అని ఫిజీషియన్ పదేపదే అడిగారు. గడ్డలో ఒక ముక్క తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుందని అప్పుడే తెలిసింది. ఆక్సిజన్ 97 చూపించింది, ఈసీజీ మామూలుగానే ఉంది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు.

గడ్డను కరిగించే సూది ఇస్తారనుకున్నాను. గుండెపోటు వచ్చినవారికి అలాంటిది ఇస్తారని విన్నాను కదా. నా విషయంలో అది అవసరం లేదన్నారు. ఆ మందులు గడ్డను కరిగించే క్రమంలో మెదడులోనో కడుపులోనో రక్తస్రావం కలిగించే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ప్రాణం మీదికి వచ్చినప్పుడే వాడతారట. నాకు ఇచ్చేవి ఉన్న గడ్డను పెరగనివ్వవు, కొత్తది కట్టనివ్వవు. ఉన్నదాన్ని నెమ్మదిగా కరిగించుకునే పని శరీరమే చేసుకుంటుంది. అందరూ వీటిని 'రక్తం పలచబడే మందు' అంటారు, నేనూ అలాగే అనేవాడిని, కానీ రక్తం నీళ్లలా పలచబడేదేమీ లేదు. గడ్డకట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే.

మొదటిది ఎనాక్సాపారిన్ సూది. కిలోకు ఒక మిల్లీగ్రాము లెక్క. నా బరువు 62 కిలోలు కాబట్టి పన్నెండు గంటలకొకసారి 60 మిల్లీగ్రాములు, పొట్ట చర్మం కింద. మందు నింపే ఉన్న సిరంజి అది. లోపల చిన్న గాలిబుడగ కనిపిస్తే నేను గోటితో కొట్టి బయటికి పంపబోయాను. నర్సు చటుక్కున చేయి పట్టుకుంది. ఆ బుడగ ఉండవలసిందేననీ, దాన్ని తోసేస్తే మందు చుక్క కూడా పోతుందనీ చెప్పింది. బొడ్డుకు రెండంగుళాల దూరంలో చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టుకుని, సూదిని నిలువుగా దించి, తీశాక అస్సలు రుద్దకూడదు. మొదటి రోజు అలవాటుకొద్దీ రుద్దాను. సాయంత్రానికి అక్కడ నేరేడుపండు రంగు మచ్చ పడింది. ఇంటికి వచ్చాక నాలుగు రోజులు మా వీధిలోని నర్సమ్మ వచ్చి వేసింది, తర్వాత నా భార్య నేర్చుకుంది. మొత్తం 18 సూదులు, ఒక్కొక్కటి 450 రూపాయలు.

జులై 10 రాత్రి నుంచి దానితోపాటు అసిట్రోమ్ మాత్ర మొదలుపెట్టారు. సూదీ మాత్రా రెండూ ఎందుకని అడిగితే, ఫిజీషియన్ నేను ఉపాధ్యాయుణ్ణని తెలిసి ఓపిగ్గా వివరించారు. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే నాలుగు గడ్డకట్టే పదార్థాలను, అంటే 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లను, ఈ మాత్ర పని చేయనీయదు. అయితే అప్పటికే రక్తంలో తిరుగుతున్నవి అరిగిపోవాలి కదా. ఏడో నంబరుది గంటల్లో తగ్గుతుంది, రెండో నంబరుదానికి రోజులు పడుతుంది. పైగా గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడి ఉంటుంది, అదీ త్వరగానే పడిపోతుంది. అందువల్ల మొదటి కొన్ని రోజులు మాత్ర ఒక్కటే వేసుకుంటే గడ్డకట్టే గుణం ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. కనీసం ఐదు రోజులు, ఐఎన్ఆర్ 2 దాటి ఒక రోజు నిలిచేదాకా, సూది కాపలా ఉండాలి.

ఐఎన్ఆర్ అంటే గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని ఏ ల్యాబులో చూసినా పోల్చుకునేలా సరిచేసి చెప్పే లెక్క. మామూలు మనిషికి 1 దగ్గర ఉంటుంది, నాకు 2కూ 3కూ మధ్య ఉండాలి. జులై 12న 1.3, 15న 1.8, 17న 2.3, 18న 2.4. పద్దెనిమిదిన ఉదయం ఆఖరి సూది వేసుకున్నాను.

మా పక్కింటాయన పరామర్శకు వచ్చి మాత్రల అట్ట చూసి, "అన్నా, ఇది ఎలుకల మందు జాతిదట కదా" అన్నాడు. మా ఆవిడ ముఖం తెల్లబోయింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చనిపోతుంటే కారణం వెతికి, 1940 ప్రాంతంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని విడదీసింది. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1950ల్లో మనుషుల మందుగా వచ్చింది. అసిట్రోమ్ వార్ఫరిన్‌కు దాయాది. మోతాదు తప్పితే ఎలుకకు జరిగేదే మనిషికీ జరుగుతుందని నేను ఆ రోజు నవ్వుతూ అన్నాను. అక్టోబరులో ఆ మాట గుర్తొచ్చింది.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. రివరోక్సబాన్ అనే కొత్త రకం మాత్రలు ఉన్నాయనీ, వాటికి మొదట్లో సూదులు గానీ తర్వాత వారం వారం పరీక్షలు గానీ అవసరం లేదనీ, కానీ మాత్ర ఖరీదు ఎక్కువనీ ఫిజీషియన్ జులైలోనే చెప్పారు. నేను మాత్ర ధర ఒక్కటే చూసి చవకైనది అడిగాను. మూడు నెలలకు అసిట్రోమ్‌కు ఆరు వందలు కూడా కాలేదు. కానీ సూదులకు 8,100, ఒక్కొక్కటి 350 చొప్పున 13 ఐఎన్ఆర్ పరీక్షలకు 4,550, ఆటోలకు ఎంతో. కొత్త మాత్రలు మెడికల్ షాపులో అడిగితే ఒక్కొక్కటి ముప్పై రూపాయల దగ్గర చెప్పారు. మూడు వారాలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, తర్వాత రోజుకొకటి. మూడు వేల అయిదు వందలు దాటేది కాదు. లెక్కల మాస్టారు పక్క గదిలోనే ఉంటారు, ఈ లెక్క ఆయనకు చూపించడానికి ఇప్పటికీ సిగ్గే.

ఇంటి నుంచి ల్యాబుకు తొమ్మిది వారాలు తిరిగిన తిరుగుడులో నాకు దక్కిన మేలు ఒకామె పరిచయం. నకిరేకల్ వైపు నుంచి వచ్చేది, నలభై ఐదేళ్లుంటాయి. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం పాడై, లోహపు కవాటం వేయించుకుంది. ఆమెకు ఈ మాత్ర జీవితాంతం. కొత్త రకం మాత్రలు ఆమెకు పనికిరావు. యాంత్రిక కవాటం ఉన్నవారికి ఆ కొత్త రకాల్లో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని, గడ్డలూ రక్తస్రావమూ రెండూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారని ఫిజీషియన్ తర్వాత చెప్పారు. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక పాత అరవై పేజీల నోటుపుస్తకం ఉండేది. తేదీ, ఐఎన్ఆర్ అంకె, ఎన్ని మిల్లీగ్రాములు, ఆ వారం జ్వరమో విరేచనమో వస్తే ఆ మాట. అన్నీ వంకర అక్షరాలతో, అయినా ఒక్క వారం కూడా తప్పకుండా ఉండేవి. నేనూ అలాంటిదే పెట్టుకున్నాను.

ఆగస్టు 28న ల్యాబులో కొత్త కుర్రాడు నా రక్తం తీశాడు. సిర దొరకక రెండుసార్లు పొడిచి, వచ్చినంత వరకే సీసాలో పోశాడు. మధ్యాహ్నం ఐఎన్ఆర్ 5.1 అని ఫోను వచ్చింది. కాళ్లు చల్లబడ్డాయి. పొద్దున పక్కన కూర్చుని చూసిన ఆమె అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది: "సారూ, గా నీలం మూత సీసల గీత దాక నెత్తురు నిండాలె. సగం పోస్తే లెక్క తప్పొస్తది. నాకు రెండుమాట్ల అయింది." ఆ సీసాలో రక్తం గడ్డకట్టకుండా ముందే సిట్రేట్ ద్రావణం ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. రక్తం తక్కువైతే సిట్రేట్ పాలు ఎక్కువై, గడ్డకట్టడం ఆలస్యమైనట్టు కనబడుతుంది. సాయంత్రం మళ్లీ వెళ్లి, గీత దాకా నింపించి పరీక్ష చేయిస్తే 2.6. అప్పటి నుంచి ఎవరు రక్తం తీసినా నా కళ్లు ఆ గీత మీదే ఉంటాయి.

అంతకుముందు ఆకుకూరల గొడవ ఒకటి జరిగింది. విటమిన్ కె ఆకుకూరల్లో ఉంటుందని ఎవరో చెప్పగా, మా ఆవిడ జులై ఆఖరుకు తోటకూర, పాలకూర, మునగాకు, గోంగూర అన్నీ మాన్పించింది. వానకాలంలో మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు ఆకుకూర పప్పే. ఆగస్టు 5న ఐఎన్ఆర్ 3.6కు ఎక్కింది. మాత్ర మారలేదు, జ్వరం లేదు. ఏం మానేశారని ఫిజీషియన్ సూటిగా అడిగారు. "మీరు ఎప్పుడూ తినేంతే తినండి, దానికి తగ్గట్టు మాత్ర నేను సరిచేస్తాను. ఒక వారం కట్టలు కట్టలు, ఒక వారం సున్నా, అది మాత్రం వద్దు" అన్నారు. పన్నెండో తేదీకి 2.7కు దిగింది. గోంగూర తిరిగి వచ్చినందుకు నాకన్నా మా అమ్మాయి ఎక్కువ సంతోషించింది.

పిండికట్టు స్థానంలో వేసిన పట్టీ కూడా జులై 30న తీసేశారు. నెమ్మదిగా నడవడం, సెప్టెంబరులో బడికి వెళ్లడం, ఇవన్నీ మామూలుగానే సాగాయి. సెప్టెంబరు 23న ఐఎన్ఆర్ 2.5. చీటీ చివర ఫిజీషియన్ ఎర్ర సిరాతో "9-10-2024న తప్పక రావాలి" అని రాసి కింద గీత గీశారు.

దసరా సెలవులకు అక్టోబరు మొదట్లోనే ఊరికి వెళ్లాం. ఏడో తేదీన చేయించుకోవలసిన పరీక్ష సెలవుల్లో పడింది. పండగ తర్వాత చేయించుకుందామనుకున్నాను. తొమ్మిదో తేదీన సద్దుల బతుకమ్మకు పువ్వు తెచ్చే హడావుడి. మాత్రల అట్టలో ఇంకా పద్నాలుగు మిగిలి ఉన్నాయి. డబ్బులు పెట్టి కొన్న మందు వృథా చేయడమెందుకు, అది అయిపోయాకే డాక్టరు దగ్గరికి పోదామనుకున్నాను. ఇంత చదువు చదివి ఇలా ఎలా ఆలోచించానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఆలోచించింది మాత్రం అచ్చంగా ఇలాగే.

దసరా నాటి మాంసాహారం పడక పద్నాలుగో తేదీన కడుపునొప్పి, జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లాను. నడుం కూడా పట్టేసిందంటే తుంటికి డైక్లోఫెనాక్ సూది వేసి, ఐదు రోజులకు మెట్రోనిడజోల్ మాత్రలు ఇచ్చాడు. ఏవైనా మందులు వాడుతున్నారా అని అతడు అడగలేదు, అసిట్రోమ్ వాడుతున్నానని నేను చెప్పలేదు. అతణ్ణి అనేముందు నన్ను నేను అనుకోవాలి. చీటీ నా జేబులోనే ఉంది.

ఆ మాత్రలూ, విరేచనాలూ, ఆ సూదీ మూడూ ఎలా కలిశాయో తర్వాత తెలిసింది. అసిట్రోమ్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును మెట్రోనిడజోల్ అడ్డుకుంటుంది. రోజూ వేసుకునే మాత్రే అయినా, అది రక్తంలో పేరుకుపోతుంది. విరేచనాల వల్ల తిండి లేదు, కాబట్టి విటమిన్ కె లేదు. డైక్లోఫెనాక్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని దెబ్బతీస్తుంది. పైగా అసిట్రోమ్ వాడేవారికి కండలోకి సూది వేయనే కూడదు. చర్మం కింద వేసే సూది వేరు, కండలో దిగే సూది వేరు.

పదిహేనున బడి తెరిచారు, వెళ్లాను. పదహారు రాత్రి తుంటి మీద పడుకోలేకపోయాను. పదిహేడు ఉదయం పళ్లు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వచ్చింది. బ్రష్ గట్టిగా తగిలిందనుకున్నాను. పద్దెనిమిదిన మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో వచ్చింది. అద్దంలో చూసుకుంటే, తుంటి నుంచి తొడ వెనక దాకా వంకాయ రంగు పరుచుకుని, సూది వేసిన చోట కొబ్బరికాయ అంత గట్టిగా ఉబ్బింది. ఆ క్షణంలో భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

పదిన్నరకు ఆస్పత్రిలో ఉన్నాను. రక్తం తీసిన చోట దూది పెట్టి గట్టిగా అదిమినా ఇరవై అయిదు నిమిషాలు ఊరుతూనే ఉంది. ఐఎన్ఆర్ 9.4. జులైలో 13.2 ఉన్న హిమోగ్లోబిన్ 9.6కు పడింది. తలకు దెబ్బ తగిలిందా, తలనొప్పి ఉందా, వాంతి అయిందా, చూపు మసకగా ఉందా అని ముగ్గురు వేర్వేరుగా అడిగారు. అంకె ఒక్కటే పెరిగి రక్తం ఎక్కడా కారకపోతే, చాలాసార్లు మాత్ర ఆపి చూస్తారట, లేదా విటమిన్ కె కొద్దిగా నోటితో ఇస్తారట. నాకు రక్తం కారుతోంది, హిమోగ్లోబిన్ పడిపోయింది కాబట్టి రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టారు.

పన్నెంబావుకు పది మిల్లీగ్రాముల విటమిన్ కెను చిన్న సెలైన్ సీసాలో కలిపి అరగంట సేపు ఎక్కించారు. ఒక్కసారిగా ఎక్కిస్తే అలర్జీతో రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉందట; నర్సు పక్కనే నిలబడింది. అది ఎక్కగానే తగ్గిపోతుందనుకున్నాను. కాదు. అది కాలేయానికి అందించే ముడిసరుకు మాత్రమే; కాలేయం కొత్త ఫ్యాక్టర్లు తయారుచేసి రక్తంలోకి వదలడానికి ఆరేడు గంటలైనా పడుతుంది. అంతదాకా ఆదుకునేందుకు ఇతరుల రక్తంలోని ఫ్యాక్టర్లు అరువు తెచ్చుకోవాలి. అందుకు ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తద్రవం, నాలుగు సంచులు కావాలన్నారు. కిలోకు పదిహేను మిల్లీలీటర్ల లెక్కన నాకు తొమ్మిది వందల పైచిలుకు. నాలుగు ఫ్యాక్టర్లనూ చిక్కగా పొడి రూపంలో ఉంచిన మందు ఒకటుందనీ, నిమిషాల్లో పనిచేస్తుందనీ, అయితే హైదరాబాదులో పెద్ద ఆస్పత్రుల్లో దొరుకుతుందనీ, ఖర్చు వేలల్లో ఉంటుందనీ కూడా చెప్పారు. ప్లాస్మాతో సరిపెట్టగలమన్నారు.

మా అన్న కొడుకు నా రక్తపు నమూనా పట్టుకుని రక్తనిధికి పరుగెత్తాడు. ప్లాస్మా గడ్డకట్టించిన మంచురాయిలా ఉంటుందనీ, 37 డిగ్రీల వేడినీటి తొట్టిలో అరగంట కరిగించి ఇస్తారనీ, తొందరపెట్టినా లాభం లేదనీ వాడికి అక్కడే తెలిసింది. గ్రూపు చూడటం, డబ్బు కట్టడం, కరిగించడం అయ్యేసరికి మొదటి సంచి నా మంచం దగ్గరికి చేరేటప్పటికి మూడు గంటలు. రక్తం ఎర్రగా ఉంటుందనుకుంటే, పలచటి పసుపు రంగులో, వేసవిలో నిమ్మకాయ షర్బత్‌లా ఉంది. రెండో సంచి సగంలో వీపంతా దద్దుర్లు లేచాయి; అలర్జీకి సూది సెలైన్ గొట్టంలోనే ఇచ్చి, కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. నాలుగోది ఏడున్నరకు అయిపోయింది. రాత్రి తొమ్మిదికి ఐఎన్ఆర్ 1.9. పంతొమ్మిది ఉదయం ఆరుకు 1.3. ప్లాస్మా ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, అరువు ఫ్యాక్టర్లలో ఏడో నంబరుది కొద్ది గంటల్లోనే అరిగిపోయి అంకె మళ్లీ పెరిగేదట. విటమిన్ కె అందుకే.

ప్రతి మందుకూ విరుగుడు వేరన్నది నాకు అప్పటిదాకా తెలియదు. మొదట వేసిన సూదికి ప్రోటమిన్ విరుగుడు, అదీ ఎనాక్సాపారిన్‌ను పూర్తిగా కాదు, చాలావరకే ఆపుతుంది. డాబిగాట్రాన్‌కు ఇడారుసిజుమాబ్ అనే ప్రత్యేక మందు ఉంది. అందుకే ఏ మందు వాడుతున్నారో పేరుతో సహా చెప్పాలనీ, 'రక్తం పలచబడేది' అంటే చాలదనీ డ్యూటీ డాక్టరు గట్టిగా అన్నారు.

ఇక నాకు రెండో భయం పట్టుకుంది. రక్తం ఆగింది సరే, కాలిలో గడ్డ మళ్లీ మొదలైతే? ఇరవై ఒకటిన డాప్లర్ చేశారు. అదే చల్లటి జెల్, అదే ఒత్తడం. తొడ సిర అణిగిపోయింది. మోకాలి వెనక సిర గోడ కొంచెం మందంగా, పాత గాటులా కనిపించింది, కానీ రక్తం పారుతోంది. ఫిజీషియన్ నా నోటుపుస్తకం, చీటీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "మీ గడ్డకు కారణం తెలిసిందే: విరిగిన ఎముక, పిండికట్టు, బస్సు ప్రయాణం. ఇప్పుడవేవీ లేవు. ఇలాంటిదానికి మూడు నెలలు చాలు. అవి అక్టోబరు 9కే నిండాయి. ఆ రోజు మీరు వచ్చి ఉంటే, డాప్లర్ చూసి, నేను మాత్ర ఆపేసేవాణ్ణి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నేను అట్టలో మిగిలిన మాత్రల గురించి చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది.

ఇరవై రెండున ఇంటికి పంపారు. బిల్లు 38,600. తుంటి మీది వంకాయ రంగు మొదట ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు తిరిగి, పూర్తిగా పోవడానికి ఆరు వారాలు పట్టింది. క్లాసులో కూర్చోవడానికి దిండు తీసుకువెళ్లేవాడిని. పిల్లలు మర్యాదగా నవ్వును దాచుకునేవారు.

2025 ఫిబ్రవరిలో గజ్జలో హెర్నియాకు ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. సర్జన్ గదిలోకి అడుగు పెట్టగానే, కూర్చోకముందే, 2024లో కాలిలో గడ్డ వచ్చిందనీ, అసిట్రోమ్ వాడాననీ, ఆపి నాలుగు నెలలైందనీ చెప్పాను. అతను కలం తీసి చీటీ పైభాగాన పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. ఒకసారి గడ్డ వచ్చినవారికి ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్త ఉండాలనీ, అయితే ఇది చికిత్స మోతాదు కాదనీ చెప్పి, రోజుకొక్కసారే 40 మిల్లీగ్రాముల ఎనాక్సాపారిన్, పది రోజులకు రాశాడు. ఆపరేషన్ అయిన సాయంత్రం నుంచే వార్డులో నడిపించారు. ఫిబ్రవరి 19 రాత్రి మొదటిది నర్సు వేసింది, మిగతావి నేనే వేసుకున్నాను. బొడ్డుకు రెండంగుళాల దూరం, చర్మం మడత, బుడగను కదిలించకుండా, తీశాక రుద్దకుండా. ఒక్క మచ్చ కూడా పడలేదు. ఆఖరిది ఫిబ్రవరి 28 రాత్రి.

మార్చి 3న రమ్మని రాశారు. సోమవారం, బడిలో పరీక్షల పని ఉన్నా ఒక పూట సెలవు పెట్టాను. ఓపీ తెరవకముందే వెళ్లి వరసలో మొదటివాడిగా కూర్చున్నాను.